సీడీలో ఉన్నది ఉన్నట్టు దించుకోవడం ఎలా? డేటాబేస్‌కు తెలియని మన సీడీల కోసం

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో తెలుగువాళ్ల ఇంట్లో అటక మీది సీడీల డబ్బా దించితే అందులో ఏముంటాయో చూడకుండానే చెప్పొచ్చు. ఘంటసాల పాటల కంపెనీ సీడీలు నాలుగైదు, రెండు సినిమాల పాటలు కలిపి వేసినవి ఓ డజను, ఒడియా జగన్నాథ భజనలు, అట్ట మీద ‘నూట యాభై పాటలు’ అని రాసిన ఎంపీ3 సీడీలు. అడుగున, మార్కరుతో పేరు రాసిన సీడీలు: ఠాకురాణి యాత్రలో (అమ్మవారి జాతర) పాడినవి, భజన మండలివి, తాతగారి పద్యాలు క్యాసెట్ నుంచి ఎక్కించినవి.

రిప్పింగ్ (సీడీలోని పాటను కంప్యూటర్‌లోకి దించడం) మీద దొరికే సలహాలన్నీ ఒక ధీమా మీద నడుస్తాయి. మీరు దించిన పాటను ఆక్యురేట్‌రిప్ అనే డేటాబేస్‌తో పోల్చి, అదే సీడీని దించిన ఇతరులకూ ఇదే లెక్క వచ్చిందని చూపిస్తే పని అయిపోయినట్టే. లండన్‌లో అమ్ముడైన ఆల్బమ్‌కు అది చక్కగా కుదురుతుంది. మన డబ్బాలో సగానికి డేటాబేస్ నోరు విప్పదు. మార్కరు సీడీల సంగతి సరేసరి, లోకంలో ఉన్నదే ఆ ఒక్క ప్రతి. అందుకని ఈ పద్ధతిలో సాక్ష్యం మనమే తయారుచేసుకుంటాం: ఒకే సీడీని రెండుసార్లు, వీలైతే రెండు డ్రైవ్‌లలో చదివించి, రెండు జవాబులూ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా అని చూస్తాం.

ముందు డబ్బాను వేరుచేయండి

సీడీ పెట్టి ఫోల్డర్ తెరవండి. ‘ట్రాక్01’, ‘ట్రాక్02’ అంటూ సీడీఏ ఫైళ్లు కనిపిస్తే అది అసలైన ఆడియో సీడీ. ఒక్కో ఫైలు సైజు 44 బైట్లు. వాటిని కాపీ చేసి డెస్క్‌టాప్ మీద పెట్టుకుని పాటలు దాచేశామనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందులో పాట ఉండదు, ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే చీటీ మాత్రమే ఉంటుంది. సీడీ బయటికి తీశాక ఆ చీటీ ఎందుకూ పనికిరాదు.

ఎంపీ3 ఫైళ్లు కనిపిస్తే అది డేటా సీడీ. దాన్ని రిప్ చేయడం అనేదే లేదు, ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుంటే చాలు. ఎంపీ3ని ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గకుండా పాటను ముడిచే ఫైలు రకం) మారిస్తే నాణ్యత పెరుగుతుందనే భ్రమ వద్దు, పెరిగేది ఫైలు సైజే. ‘ఎంపెగ్‌ఏవీ’ అనే ఫోల్డర్, అందులో డీఏటీ (.dat) ఫైళ్లు ఉంటే అది వీసీడీ, బొమ్మతో సహా ఉన్నది. దాని ఆడియో 224 కిలోబిట్ల ఎంపీ2. దాన్నీ అలాగే కాపీ చేసి పక్కన పెట్టండి.

మిగిలిన ఆడియో సీడీల్లో మార్కరుతో రాసినవాటిని ముందు చేయండి. కంపెనీ సీడీలో పాట గుంటలుగా అచ్చువేసి ఉంటుంది. ఇంట్లోనో షాపులోనో ఎక్కించిన సీడీ-ఆర్‌లో అది రంగు పొర మీద లేజరు కాల్చిన గుర్తులు మాత్రమే. ఎండ తగిలినా, వేడికి ఏళ్లు గడిచినా ఆ రంగు వెలిసిపోతుంది. ఘంటసాల సీడీ పాడైతే ఇంకొకరి ఇంట్లో దొరుకుతుంది, తాతగారి పద్యాలు దొరకవు.

ఆడియో సీడీ డేటా సీడీలాంటిది కాదు

ఇది తెలిస్తే కింద చెప్పే సెట్టింగులు బట్టీపట్టక్కర్లేదు. డేటా సీడీలో ఒక్కో సెక్టారులో 2048 బైట్ల సమాచారం ఉంటుంది, దాని వెంట తప్పులు పట్టి దిద్దే అదనపు బైట్లు ఉంటాయి. చదవడం కుదరకపోతే కాపీ ఆగిపోతుంది, తప్పు ఫైలు చడీచప్పుడు లేకుండా రాదు. ఆడియో సీడీలో ఆ అదనపు కాపలా తీసేసి 2352 బైట్లూ పాటకే ఇచ్చారు. సెకనుకు 75 సెక్టార్లు, ఒక్కో సెక్టారులో 588 శాంపిళ్లు, అంటే ధ్వని కొలతలు. 75ని 588తో గుణిస్తే 44,100, అదే మనం వినే 44.1 కిలోహెర్ట్జ్. మిగిలింది కింది మెట్టు దిద్దుబాటు ఒక్కటే. చిన్న గీతలను అది పూర్తిగా సరిచేస్తుంది. దాని శక్తికి మించితే డ్రైవ్ ఏం చేస్తుందంటే, ముందు శాంపిల్‌నూ వెనక శాంపిల్‌నూ చూసి మధ్యలో ఇంత ఉండొచ్చని అతుకు వేసేస్తుంది. ప్లేయర్‌కు అది మంచిదే, పాట ఆగదు. దాచుకునేవాడికి అదే మోసం, ఎందుకంటే అతుకు వేశానని డ్రైవ్ చెప్పదు.

విండోస్ మీడియా ప్లేయర్‌తో దించితే వచ్చే సమస్య ఇదే. పాట బాగానే వినిపించొచ్చు. బాగుందని తేల్చే కాగితం మాత్రం చేతిలో ఉండదు.

తుడవడం

కింది వైపు, అంటే మెరిసే వైపు, 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంటుంది. పాట ఉండేది దాని పైన, బొమ్మ అచ్చువేసిన వైపు, పల్చటి లక్క పొర కింద. అందుకే కింద పడ్డ గీత చాలాసార్లు గండం గడిచిపోతుంది, బొమ్మ వైపు గోరు దిగినా పాట పోతుంది. సీడీని ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి చూడండి. సూదిమొనంత చుక్కల్లోంచి వెలుతురు వస్తుంటే ఆ చోట అద్దం పొర రాలిపోయిందన్నమాట. ఒకటీ అరా ఉంటే దిగులు లేదు. చుక్కలు గుంపుగా ఉంటే ఆ సీడీని మరీ తుడవకుండా, ముందు ఒకసారి దించి చూడండి.

తుడిచేటప్పుడు మధ్య రంధ్రం నుంచి అంచుకు నిలువుగా లాగాలి, గుండ్రంగా తిప్పొద్దు. ట్రాకు గుండ్రంగానే నడుస్తుంది కాబట్టి అడ్డంగా పడ్డ గీతను లేజరు చిటికెలో దాటేస్తుంది, ట్రాకు వెంట పడ్డ గీత మాత్రం వరసగా డేటాను తినేస్తుంది. దిద్దుబాటు పూర్తిగా కాయగలిగింది ట్రాకు వెంట సుమారు 2.5 మిల్లీమీటర్ల వరకే.

గంజాం తీరంలో తేమ, ఉప్పుగాలి సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్‌కు తడిసిన డబ్బాలు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అట్టల కాగితం సీడీకి అంటుకుపోతే లాగకండి, లక్క పొర దాంతో పాటే లేచి వస్తుంది. మామూలు నీళ్లలో నానబెట్టి, కాగితం తనంతట తాను జారేదాకా ఆగండి. మెరిసే వైపు జిడ్డు, బూజు మరకలుంటే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క నీళ్లలో కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. గోళ్ల రంగు తీసేది, థిన్నర్, పెట్రోలు దగ్గరికి కూడా రానివ్వొద్దు, ప్లాస్టిక్ కరిగి తెల్లబడుతుంది. సీడీ-ఆర్ మీద అంటించిన స్టిక్కరును పీకే ప్రయత్నం అసలు వద్దు.

డ్రైవ్

ఈ పనిలో సాఫ్ట్‌వేర్ కన్నా డ్రైవ్‌దే పెద్ద పాత్ర. ల్యాప్‌టాప్‌కు తగిలించే పల్చటి యూఎస్‌బీ డ్రైవ్‌తో మొదలుపెట్టొచ్చు. కాకపోతే గీతలు పడ్డ సీడీల దగ్గర పాత డెస్క్‌టాప్ పెట్టెల్లోని పెద్ద డీవీడీ రైటర్ చాలాసార్లు మేలనిపిస్తుంది. కంప్యూటర్ రిపేరు షాపుల్లో విప్పేసిన పెట్టెల్లోవి చవగ్గానే దొరుకుతాయి. వేరే కంపెనీలవి రెండు తీసుకోండి, రెండో సాక్షి అవసరం ముందుంది.

పెద్ద డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు కలపాలంటే సాటా-యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. చిన్న హార్డ్‌డిస్క్‌ల కోసం అమ్మే కేబుల్‌లో 5 వోల్టులే వస్తాయి, ఈ డ్రైవ్‌కు 12 వోల్టులు కూడా కావాలి. విడిగా కరెంటు అడాప్టర్ ఉన్నదే అడిగి తెచ్చుకోండి. పల్చటి యూఎస్‌బీ డ్రైవ్‌కు తిప్పలు ఇంకో రకం: పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, మోటారు పుంజుకునేటప్పుడు దానికి అంతకన్నా ఎక్కువ కావాలి. డ్రైవ్ మధ్యలో ఆగి, మళ్లీ మొదటి నుంచి తిరిగే చప్పుడు వస్తుంటే సీడీని తప్పుపట్టకండి. రెండు తలల వై కేబుల్ వాడండి, లేదా డెస్క్‌టాప్ వెనక పోర్టుకు తగిలించండి. కరెంటు వచ్చిపోయే ఊళ్లలో డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండాలి. అరగంట చదివిన ట్రాక్ కరెంటుతో పాటే పోతే మళ్లీ మొదటికే వస్తుంది.

ఏ సాఫ్ట్‌వేర్?

విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ. అందరూ ఈఏసీ అంటారు. ఆండ్రే వీథాఫ్ 1998 నుంచి ఉచితంగా ఇస్తున్నాడు. మొహం చూస్తే పాత కాలపు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది గానీ, మొండి సీడీతో కుస్తీ పట్టడంలో, చేసిన పనికి చిట్టా రాసివ్వడంలో దీని మీదే మొగ్గు. డీబీపవర్‌యాంప్ డబ్బులిచ్చి కొనాలి. వందల సీడీలు చకచకా చేయాలంటే అది హాయి. క్యూరిప్పర్ ఉచితం, సెట్టింగుల బెడద తక్కువ, శుభ్రంగా ఉన్న కంపెనీ సీడీలకు సరిపోతుంది. మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ, లినక్స్‌లో విప్పర్. కింద చెప్పేది ఈఏసీకి. పేర్లు వేరైనా మిగతావాటిలోనూ భావం అదే.

సెట్టింగులు

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే విజార్డ్‌లో ఫ్లాక్ కంప్రెసర్‌ను కూడా పెట్టమనండి. ఫ్లాక్‌లో పాట ఒక్క శాంపిల్ కూడా పోకుండా ముడుచుకుంటుంది. 74 నిమిషాల సీడీ వేవ్‌గా (ముడవని ఫైలు) 783 మెగాబైట్లయితే ఫ్లాక్‌లో సాధారణంగా 300 నుంచి 450 దాకా వస్తుంది. లెవెల్ 5 అయినా 8 అయినా పాట ఒక్కటే, సైజులో తేడా ఒకటి రెండు శాతం, అంతే.

సీడీ లోపల ఉంచి ఎఫ్10 నొక్కండి, డ్రైవ్ ఆప్షన్స్ వస్తాయి. మొదటి పేజీలో ‘సెక్యూర్ మోడ్’ ఎంచుకోండి. దాని కింద మూడు గడులు ఉంటాయి. ‘యాక్యురేట్ స్ట్రీమ్’కు టిక్ పెట్టండి, ఇప్పటి డ్రైవ్‌లన్నిటికీ ఆ గుణం ఉంది.

‘డ్రైవ్ క్యాషెస్ ఆడియో డేటా’ కొంచెం ఆగి చూడాల్సిన గడి. సెక్యూర్ మోడ్ ప్రతి సెక్టారునూ రెండేసిసార్లు చదివి పోలుస్తుంది. డ్రైవ్‌కు క్యాష్ ఉంటే మొదటిసారి చదివింది జేబులో దాచుకుని, రెండోసారి అడిగినప్పుడు సీడీ వైపు చూడకుండా జేబులోదే తీసి ఇస్తుంది. తప్పు చదివినా రెండుసార్లూ అదే తప్పు, పోలిక మాత్రం సరిపోతుంది! టిక్ పెడితే ఈఏసీ ఆ జేబు ఖాళీ చేయించి మళ్లీ చదివిస్తుంది. వేగం తగ్గుతుంది, తగ్గనివ్వండి. ‘డిటెక్ట్ రీడ్ ఫీచర్స్’ బటన్ క్యాష్ లేదని చెప్పినా టిక్ పెట్టి ఉంచడంలో నష్టం లేదు.

మూడోది ‘సీ2 ఎర్రర్’ గడి. తప్పు చదివితే డ్రైవ్ తానే చేయెత్తి చెప్పే ఏర్పాటు ఇది. చెప్పాల్సినప్పుడల్లా చెప్పే డ్రైవ్‌లు తక్కువ. టిక్ తీసేయండి.

తర్వాత ఆఫ్‌సెట్. పాట సరిగ్గా ఎక్కడ మొదలైందో ఒక్కో మోడల్ డ్రైవ్ కొన్ని శాంపిళ్లు అటో ఇటో చూపిస్తుంది. ఆ తేడా మోడల్‌కు స్థిరం. ప్లస్ 6, ప్లస్ 102, ప్లస్ 667 తరచుగా కనిపించే అంకెలు. 667 శాంపిళ్లంటే 15 మిల్లీసెకన్లే, చెవికి తెలియదు. దిద్దకపోతే మాత్రం ఒక డ్రైవ్ లెక్క ఇంకో డ్రైవ్ లెక్కతో జన్మలో కలవదు. ప్రపంచమంతా అమ్ముడైన ఇంగ్లిష్ ఆల్బమ్ అసలు సీడీ ఒకటి, ఎవరి దగ్గరైనా అరువు తెచ్చి పెడితే ఆక్యురేట్‌రిప్ దాన్ని గుర్తుపట్టి ఆఫ్‌సెట్‌ను తనే నింపుతుంది. ఈ పనికి తెలుగు సీడీలను నమ్ముకోకండి. అరువు సీడీ దొరక్కపోతే డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ మోడల్ చూసి ఆక్యురేట్‌రిప్ వాళ్ల డ్రైవ్‌ల జాబితాలో వెతికి అంకె మీరే వేయండి. మూత మీద ఎల్‌జీ అని ఉన్న డ్రైవ్ డివైస్ మేనేజర్‌లో ‘హెచ్‌ఎల్-డీటీ-ఎస్‌టీ’ అని కనిపిస్తుంది, జాబితాలో మాత్రం ‘ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్’ కింద ఉంటుంది; శాంసంగ్‌ది ‘టీఎస్‌ఎస్‌టీకార్ప్’ అని ఉంటుంది, కంగారు పడొద్దు. ‘ఓవర్‌రీడ్’ టిక్ తీసే ఉంచండి. చాలా డ్రైవ్‌లు సీడీ అంచు దాటి చదవలేక అక్కడే ఇరుక్కుంటాయి.

ఇప్పుడు ఎఫ్9, ఈఏసీ ఆప్షన్స్. ‘ఫిల్ అప్ మిస్సింగ్ ఆఫ్‌సెట్ శాంపిల్స్ విత్ సైలెన్స్’కు, ‘సింక్రొనైజ్ బిట్వీన్ ట్రాక్స్’కు టిక్ పెట్టండి. ‘డిలీట్ లీడింగ్ అండ్ ట్రెయిలింగ్ సైలెంట్ బ్లాక్స్’కు, నార్మలైజ్‌కు, ‘నో యూజ్ ఆఫ్ నల్ శాంపిల్స్’కు టిక్ తీసేయండి. ‘ఎర్రర్ రికవరీ క్వాలిటీ’ హైలో ఉంచండి. అలా ఉంచితే రెండు చదువులూ కలవని చోట ఈఏసీ అదే ముక్కను పదహారేసిసార్లు, ఐదు విడతల దాకా చదువుతుంది. మొదటి రెండూ కలిపి 82 సార్లు. పదహారులో ఎనిమిది ఒకేలా వస్తే ఒప్పుకుంటుంది.

నార్మలైజ్ దగ్గర చాలామంది చేయి ఆగదు, పాత పాటలు నెమ్మదిగా వినిపిస్తున్నాయని గట్టి చేసేస్తారు. చేస్తే శాంపిళ్లు మారిపోతాయి, ఇక ఏ లెక్కతోనూ పోల్చలేరు. గట్టిగా కావాలంటే తర్వాత ఇంకో కాపీలో చేసుకోండి.

దించడం

సీడీ పెట్టాక ముందు ఎఫ్4 నొక్కి ట్రాకుల మధ్య గ్యాప్‌లు వెతికించండి. సినిమా పాటలకు ఇది పెద్ద విషయం కాదు. కచేరీ, హరికథ, వరస పద్యాల సీడీల్లో ఒక ట్రాక్ నుంచి ఇంకో దానికి రాగం తెగకుండా సాగుతుంది, అక్కడ తేడా తెలుస్తుంది. ‘అపెండ్ గ్యాప్స్ టు ప్రీవియస్ ట్రాక్’ అన్నది ఉన్నట్టే ఉండనివ్వండి. యాక్షన్ మెనూలో క్యూ షీట్ (ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో రాసిన చిన్న ఫైలు) కూడా తయారుచేసుకోండి. రేపు అలాంటి సీడీ మళ్లీ ఎక్కించాల్సి వస్తే అదే ఆధారం.

ట్రాకులన్నీ ఎంచుకుని షిఫ్ట్ ఎఫ్6 నొక్కండి. అది ‘టెస్ట్ అండ్ కాపీ’, కంప్రెస్ చేసే రకం. ఒకసారి చదివి లెక్క కట్టి పక్కన పెడుతుంది, మళ్లీ మొదటి నుంచి చదివి ఫైలు రాస్తుంది, రెండు లెక్కలూ చూపిస్తుంది. ఆ లెక్క పేరు సీఆర్‌సీ, ఎనిమిది అక్షరాల ముద్ర. పాటలో ఒక్క శాంపిల్ మారినా ముద్ర మారిపోతుంది. శుభ్రమైన గంట సీడీకి అరగంట దాకా పట్టొచ్చు. కంపెనీ సీడీ అయితే ‘టెస్ట్’ వదిలేసి డేటాబేస్‌నే నమ్ముకుందామనిపిస్తుంది. డేటాబేస్‌లో ఆ సీడీ లేదని చివర్లో తెలిశాక మళ్లీ చేయడం కన్నా మొదటే అరగంట ఇవ్వడం నయం.

చిట్టా చదవడం

పని అయ్యాక వచ్చే లాగ్‌ను పాటల పక్కనే భద్రపరచండి. ఒక్కో ట్రాక్ కింద టెస్ట్ సీఆర్‌సీ, కాపీ సీఆర్‌సీ, ‘కాపీ ఓకే’, చివర ‘నో ఎర్రర్స్ అకర్డ్’ ఉండాలి. ‘ట్రాక్ క్వాలిటీ’ 100 శాతం కన్నా తక్కువ ఉంటే భయపడక్కర్లేదు. 99.8 అంటే కొన్ని చోట్ల మళ్లీ మళ్లీ చదవాల్సి వచ్చిందని అర్థం, తప్పు వచ్చిందని కాదు. ‘సస్పీషియస్ పొజిషన్’ అని నిమిషం, సెకను వేసి చూపిస్తే మాత్రం అక్కడ 82 సార్లు చదివినా తేలలేదన్నమాట.

ఆక్యురేట్‌రిప్ వరసలు చదవడంలోనే ఎక్కువ తికమక. ‘ఆక్యురేట్‌లీ రిప్డ్’ పక్కన కాన్ఫిడెన్స్ (ఇదే లెక్క ఎన్నిసార్లు వచ్చి చేరిందో చెప్పే అంకె) 2, అంతకు పైన ఉంటే ఆ ట్రాక్ మీద ఇక మాట లేదు. 1 ఉంటే, అది ఇదివరకు మీరే పంపిన లెక్క కావొచ్చు, పండగ చేసుకోకండి. పన్నెండు ట్రాకుల్లో పదకొండు సరిపోయి ఏడోది ‘కెనాట్ బి వెరిఫైడ్’ అంటే ఆ ఏడో దాని మీదే గీత ఉంది. పన్నెండూ సరిపోలేదని చెప్పి, మీ టెస్ట్, కాపీ మాత్రం కలిస్తే సీడీ పాడైందని తేల్చేయకండి. అదే ఆల్బమ్‌ను ఇంకోసారి అచ్చువేసిన ప్రతి అయ్యుండొచ్చు, లేదా మీ ఆఫ్‌సెట్ తప్పు. క్యూటూల్స్ అనే ప్రోగ్రాములో ఆ ఫోల్డర్‌ను వెరిఫై చేస్తే వేరే ఆఫ్‌సెట్‌తో సరిపోతోందేమో వెతికి చెబుతుంది. పాడైన చోటు చిన్నదై, ఆ సీడీ వాళ్ల డేటాబేస్‌లో ఉంటే, దాచి ఉంచిన దిద్దుబాటు సమాచారంతో బాగుచేసి కూడా ఇస్తుంది.

‘నాట్ ప్రెజెంట్ ఇన్ డేటాబేస్’ అని వస్తే? మన సీడీలకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ఈ మాట తప్పూ కాదు, ఒప్పూ కాదు.

రెండో సాక్షి

టెస్ట్, కాపీ కలిసినా అది ఒకే డ్రైవ్ మాట. గీత దగ్గర ఒక డ్రైవ్ ప్రతిసారీ ఒకేలా తప్పు చదివే సందర్భాలున్నాయి, అతుకు కూడా ఒకేలా వేస్తుంది. అందుకని డేటాబేస్‌లో లేని ప్రతి సీడీనీ, మార్కరు సీడీలనైతే తప్పనిసరిగా, రెండో డ్రైవ్‌లో ‘టెస్ట్’ ఒక్కటీ చేయించండి, అది ఎఫ్8. దానికి దాని ఆఫ్‌సెట్ వేశారని ముందు చూసుకోండి. వచ్చిన సీఆర్‌సీలను మొదటి లాగ్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. కలిస్తే ఇంతకు మించిన రుజువు ఆ సీడీకి ఎక్కడా దొరకదు. లాగ్ ఫైలు పేరు చివర రెండో డ్రైవ్ మోడల్ కూడా చేర్చి దాచండి.

చివరి ట్రాక్ ఒక్కటే తేడా వస్తే అది చాలావరకు ఆఫ్‌సెట్ పుణ్యమే. ప్లస్ 667 డ్రైవ్ చివరి 667 శాంపిళ్లను అందుకోలేక నిశ్శబ్దంతో నింపుతుంది, ప్లస్ 6 డ్రైవ్ ఆరింటినే వదులుతుంది. పాట చప్పట్లతోనో మృదంగం మోతతోనో తెగిపోయే రికార్డింగ్ అయితే ముద్రలు మారతాయి. రెండో డ్రైవ్‌లో కూడా వేవ్‌గా దించి, ఈఏసీ టూల్స్ మెనూలోని ‘కంపేర్ వేవ్స్’లో రెండు ఫైళ్లూ ఇవ్వండి. తేడా ఎక్కడుందో సమయంతో సహా చూపిస్తుంది. కొసలో తప్ప ఎక్కడా లేకపోతే తక్కువ ఆఫ్‌సెట్ డ్రైవ్‌ది ఉంచుకోండి.

మధ్యలో తేడా వస్తే మూడో మాట కావాలి. సీడీని మళ్లీ తుడిచి, వేగం 8 ఎక్స్‌కో 4 ఎక్స్‌కో తగ్గించి ఆ ఒక్క ట్రాక్ చేయండి. మూడింటిలో రెండు కలిస్తే ఆ రెండిటి మాట నిలబెట్టండి. ఏ రెండూ కలవకపోతే గంటలకొద్దీ డ్రైవ్‌ను తిప్పి లేజరును అరగదీయకండి. ‘రివ్యూ ట్రాక్స్’లో సందేహం ఉన్న చోటు వినండి. టిక్కుమన్న చప్పుడు చెవికి తగలకపోతే ఆ కాపీ ఉంచుకుని, ఫోల్డర్‌లో ‘ట్రాక్ 7, 2 నిమిషాల 14వ సెకను దగ్గర సందేహం’ అని ఒక టెక్స్ట్ ఫైలు రాసి పెట్టండి. కంపెనీ సీడీ అయితే విశాఖలోనో శ్రీకాకుళంలోనో బంధువుల ఇంట్లో ఇంకో ప్రతి ఉందేమో అడగండి, ఆ ఒక్క ట్రాక్ చాలు.

అసలు లోపల ఏముంది?

షాపులో ఎక్కించిన ఆడియో సీడీల్లో చాలావాటికి మూలం ఎంపీ3లే. మీ రిప్ నూటికి నూరు సరైనదే అయినా లోపలి సరుకు పలచన. స్పెక్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాములో ఫైలు తెరిస్తే స్వరాల పటం కనిపిస్తుంది. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు పాట పొడవునా అడ్డగీత ఉంటే 128 కిలోబిట్ల ఎంపీ3 నుంచి వచ్చిందని అనుమానించాలి. 1950ల పాటల్లో పై స్వరాలు ఎలాగూ ఉండవు, అక్కడ పటం మెల్లగా పలచబడుతూ పోతుంది. పలచబడటాన్ని చూసి నకిలీ అనకండి. కోతను చూసి అనండి. క్యాసెట్ నుంచి ఎక్కించిన వాటిలో ‘స్’ అనే గాలి చప్పుడు ఉంటుంది. దాచే ప్రతిలో దాన్ని తీసేయొద్దు, మాటల చివరి హల్లులు దాంతోపాటే పోతాయి.

పేర్లు

ఈఏసీ పేర్లు వెతికినప్పుడు మన సీడీలకు ఏదీ దొరకదు, లేదా ‘ట్రాక్ 3’ అన్న చోట వేరే సినిమా పాట వచ్చి కూర్చుంటుంది. ట్రాకుల సంఖ్య, నిడివి ఒకేలా ఉన్న ఇంకో సీడీతో పొరబడుతుందన్నమాట. అట్ట చూసి మీరే కొట్టుకోండి. రెండు సినిమాల సీడీ అయితే ఆల్బమ్ పేరు దగ్గర రెండు పేర్లూ ఇరికించకుండా, ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాములో ట్రాకులను రెండు ఆల్బమ్‌లుగా విడదీయండి. లాగ్, క్యూ షీట్ మాత్రం అసలు సీడీ ఫోల్డర్‌లోనే కలిపి ఉండాలి.

ఫ్లాక్ ట్యాగులు (ఫైలు లోపల రాసే పాట వివరాలు) యూనికోడ్ కాబట్టి తెలుగు, ఒడియా రెండూ నిక్షేపంగా పడతాయి. చిక్కంతా కారు స్టీరియోలతో, లిపి రాక డబ్బాలు చూపిస్తాయి. అందుకని ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, ట్యాగ్ లోపల తెలుగులో పెట్టడం మధ్యేమార్గం. ఒడియా భజనలకు పేరు ఒడియాలోనే ఉంచి, కామెంట్ గడిలో తెలుగులో రాసుకుంటే వెతికేటప్పుడు రెండు రకాలుగానూ దొరుకుతాయి. మార్కరు సీడీలకు కామెంట్ గడి ఇంకా ముఖ్యం: ఎవరు పాడారు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం, క్యాసెట్ ఎవరిది. అడిగి చెప్పించుకోగల పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే అది నింపండి.

దాచడం

300 సీడీలను ఫ్లాక్‌గా, ఒక్కోటి 350 మెగాబైట్ల లెక్కన వేస్తే 105 గిగాబైట్లు. ఒక హార్డ్‌డిస్క్ ఇంట్లో, ఇంకోటి వేరే ఊళ్లో ఉన్న అన్నదమ్ముల దగ్గర పెట్టండి. తుఫాను దారిలో ఉన్న ఇంట్లో రెండు కాపీలున్నా ఒకటి కిందే లెక్క. ప్రతి ఫ్లాక్ ఫైలు లోపల పాట ముద్ర ఒకటి ఉంటుంది. ఏడాదికోసారి ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ఫైళ్లన్నీ ఎంచుకుని ‘వెరిఫై ఇంటెగ్రిటీ’ కొడితే పాడైనవాటిని పేరుపెట్టి చూపిస్తుంది. రెండో డిస్క్ నుంచి ఆ ఒక్క ఫైలు తెచ్చుకోవచ్చు.

కారుకు, ఫోనుకు ఫ్లాక్ నుంచి విడిగా ఎంపీ3లు చేసుకోండి, వేరే ఫోల్డర్‌లో. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే పాత స్టీరియోలు కూడా చదువుతాయి. ఇక డేటాబేస్‌కు మీ లెక్కలు పంపమంటారా అని ఈఏసీ అడిగినప్పుడు కంపెనీ సీడీలకు సరేననండి. టెస్ట్, కాపీ కలిసినవే పంపండి. ఇచ్ఛాపురంలోనో గుణుపురంలోనో రేపు అదే సీడీ పెట్టినవారికి ‘నాట్ ప్రెజెంట్’ బదులు కాన్ఫిడెన్స్ 1 కనిపిస్తుంది, వాళ్లూ పంపితే 2 అవుతుంది.